ఇంటికి వచ్చిన తాబేలు పిల్ల



విత్తనం గురించి, ఎరువు గురించి, పురుగు మందుల గురించి మనం తరచు మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ పూట చెప్పబోయేది ఒక చిన్న ప్రాణి ముచ్చట. తాబేలు పిల్ల ముచ్చట. మనవైపు దీన్ని తాంబేలు అని కూడా అంటారు. వ్యవసాయ విస్తరణ అధికారికి తాబేలుతో ఏం పని అని మీకు తోచవచ్చును. పని ఉన్నది. రైతు వేదికకు వచ్చినవారు వరిలో సుడిదోమ గురించి అడుగుతారు, పత్తిలో గులాబీ పురుగు గురించి అడుగుతారు. అంతా అయిపోయి లేచేటప్పుడు, "సారూ, మా పిల్లగాడు తాంబేలు పిల్లను తెచ్చి బకెట్ల ఏసిండు. దానికి ఏం పెట్టాలె?" అని అడిగేవారు ఉన్నారు. "పట్నం నుంచి మా అల్లుడు సీసాల పెట్టి తెచ్చిండు, తిండి ముడతలేదు" అనేవారూ ఉన్నారు.

అడిగింది చిన్న ప్రశ్నే. కాని దానికి ఒకే జవాబు లేదు. తిండి సంగతికి ముందు, ఆ వచ్చింది ఏ తాబేలు అన్నది చూడాలి. ఒక రకాన్ని ఆ పొద్దే చెరువుకు చేర్చాలి. ఇంకొక రకాన్ని ఎన్నటికీ చెరువులో వేయరాదు. ఈ రెండూ తారుమారైతే ఒకచోట ఆ పిల్ల చస్తుంది, ఇంకొకచోట మన చెరువుకే చేటు వస్తుంది. అందుకని ముందు గుర్తులు చెబుతాను. జాగ్రత్తగా వినండి.

మన చెరువుల్లో, కుంటల్లో, వరి మడుల్లో ఎక్కువగా కనిపించేది చెరువు తాబేలు. దీని చిప్ప పైన గట్టి పలకలు కనబడవు. నున్నటి చర్మం కప్పి ఉంటుంది. అంచు మెత్తగా ఉంటుంది. ముక్కు సన్నగా, గొట్టంలాగా ముందుకు సాగి ఉంటుంది. వెల్లకిల తిప్పి చూస్తే వెనుక కాళ్ల దగ్గర రెండు చర్మపు రేకులు ఉంటాయి. భయం వేసినప్పుడు కాళ్లు లోపలికి తీసుకొని ఈ రేకులను తలుపుల్లాగా మూసుకుంటుంది. పిల్లగా ఉన్నప్పుడు చిన్న పిల్లవాని అరచేతిలో పట్టేంత ఉంటుంది.

రెండవది నల్ల తాబేలు. చిప్ప గట్టిది, నలుపు గాని ముదురు గోధుమ రంగు గాని ఉంటుంది. వీపు మీద ముందు నుంచి వెనుకకు మూడు గట్లు తేలి ఉంటాయి. ఇది కూడా మన నీళ్లదే.

మూడవది నక్షత్ర తాబేలు. ఇది నీటిది కాదు, మెట్టది. చిప్ప బోర్లించిన గిన్నెలాగా ఎత్తుగా ఉండి, దాని మీద పసుపు గీతలు చుక్కల ఆకారంలో ఉంటాయి. కాళ్లు ఏనుగు కాళ్లలాగా మొద్దుగా ఉంటాయి, వేళ్ల నడుమ తోలు ఉండదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడికి పోయినవారు అక్కడ వీటిని చూసి ఉంటారు. దీన్ని చెరువులో వేస్తే ఈదలేక మునిగి చస్తుంది. ఈ సంగతి తెలియక పుణ్యానికని నీటిలో వదిలేవారున్నారు. అది పుణ్యం కాదు.

నాలుగవది పట్నంలో చేపల దుకాణాల్లో అమ్మేది. చిప్ప ఆకుపచ్చగా, గట్టిగా ఉంటుంది. తల మీద, మెడ మీద పసుపు చారలుంటాయి. కంటి వెనుక రెండు పక్కలా ఎర్రటి పట్టీ ఉంటుంది. అందుకే దీన్ని ఎర్రచెవి తాబేలు అంటారు. దీని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం. అక్కడి నుంచి పెంపుడు జంతువుగా ప్రపంచమంతా పాకింది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని కొందరు కొంటారు, పిల్లలు ఏడ్చారని కొందరు కొంటారు.

ఇప్పుడు మొదటి రకం సంగతి చూద్దాం. అనగా చెరువు తాబేలు, నల్ల తాబేలు.

తొలకరి పడి నేల మెత్తబడిన తర్వాత ఈ పిల్లలు ఎక్కువగా కంటబడుతాయి. దుక్కి దున్నేటప్పుడు, ఒడ్లు చెక్కేటప్పుడు, కాలువ గట్టున గడ్డి కోసేటప్పుడు కనిపిస్తాయి. తల్లి గట్టున గుంత తీసి, గుడ్లు పెట్టి, మన్ను కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూడదు. పిల్ల పుట్టిన నాటి నుంచే తన బతుకు తాను చూసుకుంటుంది. కాబట్టి ఒక్కతే పిల్ల కనిపించగానే "అయ్యో, తల్లి లేదు, ఇంటికి తీసుకపోదాం" అనుకోనక్కర లేదు. దానికి తల్లి అవసరం లేదు, నీరు అవసరం.

ఇంటికి తెచ్చిన పిల్లకు ఏమవుతుందో చూడండి. బకెట్‌లో నీళ్లు నింపి వేస్తారు. ఎక్కి కూర్చోవడానికి రాయి ఉండదు. ఎండ తగలదు, లేదా ఒకటే మాడుటెండ తగులుతుంది. అన్నం మెతుకులు వేస్తారు, అవి పులిసి నీరు కంపు కొడుతుంది. నాలుగు రోజులు చురుకుగా ఈదుతుంది, ఐదో రోజు నుంచి కదలదు. పిల్లలు నిద్రపోతున్నదనుకుంటారు.

కొందరు బావిలో వేస్తారు. తాబేలు ఉంటే బావి నీళ్లు శుభ్రంగా ఉంటాయని పెద్దల మాట. కాని నిలువుగోడల బావిలో పడ్డ పిల్లకు గట్టు ఎక్కే దారి లేదు, ఎండ కాచుకునే చోటు లేదు. పెద్దదై గుడ్లు పెట్టాలన్నా మన్ను దొరకదు. అది బావి కాదు, దానికి బందిఖానా.

మరి చేయవలసింది ఏమిటి? ఎక్కడ దొరికిందో అక్కడికి దగ్గరగా ఉన్న చెరువు గాని, కుంట గాని చూసుకోండి. మిట్టమధ్యాహ్నం పనికిరాదు. పొద్దున గాని, సాయంత్రం చల్లబడ్డాక గాని తీసుకపొండి. తడి గుడ్డ వేసిన గంపలోనో, గాలి తగిలే డబ్బాలోనో పెట్టండి. నీళ్లు నిండిన సీసాలో మూత బిగించి పెట్టవద్దు. చెరువు నడిమికి విసిరివేయవద్దు. గడ్డి, తుంగ ఉన్న లోతు తక్కువ అంచు చూసి, నీటికి రెండడుగుల దూరంలో నేల మీద దింపండి. కాకులు, కొంగలు, కుక్కలు దగ్గర లేకుండా చూడండి. కొంచెంసేపు ఆగితే తల బయటికి తీసి, దానంతట అదే నీటిలోకి నడిచిపోతుంది. పిల్లలను వెంట తీసుకపొండి. ఇంట్లో బకెట్ దగ్గర కూర్చుంటే కలిగే సంతోషం కంటె ఇది వారికి ఎక్కువ కాలం జ్ఞాపకం ఉంటుంది.

బాట దాటుతున్న తాబేలు కనబడితే వెనక్కి తెచ్చి పెట్టకండి. అది ఎటు పోతున్నదో అటే దాటించండి. వెనక్కి తెస్తే మళ్లీ అదే బాట ఎక్కుతుంది.

గట్టు తవ్వేటప్పుడో, పూడిక మన్ను ఎత్తేటప్పుడో గుండ్రటి తెల్లటి గుడ్లు బయటపడవచ్చును. వాటిని అటూ ఇటూ తిప్పి చూడకండి. కోడిగుడ్డును తల్లి రోజూ తిప్పుతుంది గాని తాబేలు గుడ్డుకు ఆ లెక్క వర్తించదు. లోపల పిండం ఒక పక్కకు అతుక్కొని ఉంటుంది, గుడ్డును తలకిందులు చేస్తే చనిపోతుంది. ఏ పక్క పైకి ఉన్నదో ఆ పక్కే పైకి ఉంచి, అదే చోట మన్ను కప్పండి. అక్కడ పని ఆపడం వీలుకాకపోతే పక్కనే అంతే లోతు గుంతలో అదే తీరుగా పెట్టండి.

ట్రాక్టరు నాగలి తగిలి చిప్ప పగిలితే పసుపు, సున్నం పూయకండి. తడి గుడ్డ పరచిన డబ్బాలో నీడన పెట్టి అటవీ శాఖ వారికి కబురు చేయండి. పశువుల డాక్టరుకు కూడా చూపవచ్చును.

చట్టం మాట కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చెరువు తాబేలు మొదటి షెడ్యూలులో ఉన్నది. పెద్దపులి ఉన్న షెడ్యూలు అదే. నక్షత్ర తాబేలును కూడా 2022 సవరణ మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ షెడ్యూలులోని జంతువును పట్టినా, అమ్మినా, చంపినా మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాకా జైలు, తక్కువలో తక్కువ 25,000 రూపాయల జరిమానా ఉన్నది. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. తెలియక చిక్కుల్లో పడవద్దని చెబుతున్నాను. వలలో పడ్డ తాబేలును మత్స్యకార సోదరులు అక్కడికక్కడే నీటిలో వదిలితే ఏ బాధా లేదు.

ఆ తాబేలుతో మనకు లాభం లేదా అంటే ఉన్నది. అది నత్తలను, పురుగులను, చచ్చిన చేపలను, నీటిలో కుళ్లే కళేబరాలను తింటుంది. జీతం అడగని సఫాయి మనిషి అనుకోండి. ఎండాకాలం చెరువు ఎండితే బురదలోకి దూరి, నోరు కట్టుకొని, వాన కోసం కాచుకొని ఉంటుంది. కరువు ఎరిగిన మన ప్రాంతపు ప్రాణి అది.

ఇక పట్నం నుంచి వచ్చిన ఎర్రచెవి తాబేలు సంగతి.

మొదటి మాట: కొనకపోవడమే మేలు. దుకాణంలో అది రూపాయి బిళ్ల కంటె కొంచెం పెద్దగా, ముద్దుగా ఉంటుంది. అది అట్లాగే ఉండిపోదు. ఆడది అడుగు పొడవుకు దగ్గరగా పెరుగుతుంది. బాగా చూసుకుంటే ఇరవై, ముప్పై ఏండ్లు బతుకుతుంది. ఈ రోజు కొన్న పిల్లవాడు పెండ్లి చేసుకొని పిల్లల తండ్రి అయ్యేదాకా అది ఇంట్లో ఉంటుందన్నమాట. అంతకాలం చూడగలిగితేనే తెచ్చుకోవాలి. ఇంకొక మాట, దుకాణంలో అమ్మినంత మాత్రాన అన్నీ చట్టానికి లోబడినవి కావు. మన దేశపు తాబేలు పిల్లలను కూడా చాటుగా అమ్మేవారుంటారు.

ఇప్పటికే ఇంటికి వచ్చి ఉంటే, దాని సంరక్షణ ఇట్లా చేయాలి.

పాత్ర: గాజు సీసా, చిన్న గిన్నె పనికిరావు. కనీసం రెండడుగుల వెడల్పున్న ప్లాస్టిక్ తొట్టి తీసుకోండి. పురుగు మందు కలిపిన బకెట్‌ను, డ్రమ్మును ఎంత కడిగినా వాడకండి. పసిపిల్లకు నీటి లోతు దాని చిప్ప పొడవు కంటె కొంచెం ఎక్కువ ఉంటే మొదట చాలు. వెల్లకిల పడితే తిరగబడడానికి ఆ మాత్రం నీరు కావాలి. బాగా ఈదడం చూశాక లోతు పెంచుతూ పోవచ్చును.

ఎక్కే చోటు: ఒక ఇటుకనో, బల్లపరుపు రాయినో ఏటవాలుగా పెట్టండి. తాబేలు దాని మీదికెక్కి పూర్తిగా ఆరాలి. ఎప్పుడూ తడిగా ఉంటే చిప్పకు బూజు పడుతుంది.

ఎండ: ఇది అన్నిటికంటె ముఖ్యం. తాబేలుకు చిప్ప గట్టిపడాలంటే సున్నపు ధాతువు కావాలి, ఆ ధాతువు ఒంటికి పట్టాలంటే నేరుగా ఎండ తగలాలి. కిటికీ అద్దం వెనుక నుంచి వచ్చే ఎండతో ఆ పని జరగదు. పొద్దుటి లేత ఎండలో అరగంట, గంట తొట్టిని బయట పెట్టండి. సగం ఎండ, సగం నీడ ఉండాలి. వేడెక్కితే నీడకు పోయే దారి దానికి ఉండాలి. ఎండాకాలంలో చిన్న తొట్టి నీళ్లు చూస్తుండగానే కాగిపోతాయి, మరచిపోయి వదిలేస్తే ప్రాణం పోతుంది. కాకి, పిల్లి తన్నుకుపోకుండా పైన జాలి వేయండి.

నీటి వేడి: 26 నుంచి 28 డిగ్రీలు పసిపిల్లకు హాయి. మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇబ్బంది ఉండదు గాని, చలికాలం రాత్రి తొట్టిని లోపలికి తెచ్చుకోవాలి.

తిండి: వచ్చిన కొత్తలో కొన్ని రోజులు తినకపోతే కంగారు పడకండి. గుడ్డులోని పచ్చసొన కొంత దాని కడుపులో ఉంటుంది, అది అరిగేదాకా ఆకలి ఉండదు. కడుపు కింద చిన్న సంచిలాగా కనబడితే లాగకండి, దానంతట అదే లోపలికి పోతుంది. తర్వాత రోజుకొకసారి, దాని తలకాయ అంత మేత చాలు. దుకాణంలో దొరికే తాబేలు గుళికలు, చిన్న వానపాము ముక్కలు, పశువులకని పెంచుకునే అజొల్లా పెట్టవచ్చును. వానపాములను మందు కొట్టిన చేలోంచి తీయకండి. తాబేలు నీటిలోనే మింగుతుంది, కాబట్టి మేత నీటిలోనే వేయాలి. తిన్న తర్వాత మిగిలింది తీసివేయాలి. అన్నం, రొట్టె, పాలు, ఉప్పుకారం కలిసిన కూర పెట్టవద్దు. పిల్ల పెద్దదవుతున్న కొద్దీ ఆకు మేత పెంచాలి. సున్నపు ధాతువు కోసం సముద్రపు నురుగు ముక్క ఒకటి నీటిలో వేసి ఉంచితే అది కొరుక్కుంటుంది. లేదా ఉడికించి ఎండబెట్టిన కోడిగుడ్డు పెంకును మెత్తగా నూరి మేతకు అద్దండి.

నీరు: మురికి నీరే సగం రోగాలకు మూలం. చిన్న తొట్టి అయితే రోజు విడిచి రోజు మార్చక తప్పదు. మందు కలిపిన నల్లా నీళ్లయితే ఒక రోజు నిలవ ఉంచి పోయండి. తీసివేసిన నీటిని చెట్టు మొదట్లో పోయండి. పచ్చిగా తినే కొత్తిమీర, ఉల్లాకు మడికి పెట్టవద్దు.

రోగ లక్షణాలు: కండ్లు ఉబ్బి మూసుకపోవడం, ముక్కు నుంచి బుడగలు రావడం, ఒక పక్కకు ఒరిగి తేలడం, వారాలు గడిచినా చిప్ప మెత్తగానే ఉండడం. ఇందులో ఏది కనిపించినా ఇంటి వైద్యం మాని పశువుల డాక్టరుకు చూపండి.

ఇక మనుషుల సంగతి. తాబేలు ఎంత ఆరోగ్యంగా కనిపించినా దాని ఒంటి మీద, దాని నీటిలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చును. అది మనిషి కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తాయి. ఐదేండ్ల లోపు పిల్లలకు, ముసలివారికి, గర్భిణులకు ప్రమాదం ఎక్కువ. చిన్న పిల్లలు వీటిని నోట్లో పెట్టుకొని జబ్బు పడుతున్నారని, నాలుగు అంగుళాల కంటె చిన్న చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా ప్రభుత్వం 1975లోనే నిషేధించింది. వాటి పుట్టింటిలోనే అట్లా చేశారంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. ముద్దు పెట్టుకోనివ్వకండి. తొట్టిని బోళ్లు తోమే చోట, వంటింట్లో కడగవద్దు.

చివరిది, అన్నిటికంటె పెద్ద మాట. పిల్ల పెద్దదవుతుంది, కరుస్తుంది, నీరు కంపు కొడుతుంది, ఇంట్లోవారు విసుగుతారు. అప్పుడు "పాపం, చెరువులో వదిలేద్దాం" అనిపిస్తుంది. మంచి మనసుతోనే అనిపిస్తుంది. కాని ఆ పని చేయవద్దు. ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంఘం ప్రపంచంలోని వంద అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితా ప్రకటించింది, ఆ వందలో ఈ ఎర్రచెవి తాబేలు ఉన్నది. మన దేశంలోనూ కొన్నిచోట్ల చెరువుల్లో, వాగుల్లో కనబడుతున్నది. ఇది మన తాబేళ్ల తిండి తింటుంది, అవి ఎండ కాచుకునే చోటు ఆక్రమిస్తుంది, కొత్త రోగాలను మోసుకొస్తుంది.

ఒక్క తాబేలుతో ఏమవుతుందని అనుకోవద్దు. మనవి కాకతీయుల నాటి నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకు నీరు పోతుంది. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు మన నవాబుపేట రిజర్వాయరు దాకా వచ్చి, కాలువల వెంట చెరువులకు చేరుతున్నాయి. ఒక ఊరి కుంటలో వదిలింది ఆ ఊళ్లోనే ఉంటుందని ఎవరూ పూచీ ఉండలేరు. వయ్యారిభామ గడ్డి, గుర్రపు డెక్క ఒక్క మొక్కతోనే మొదలై ఉంటాయి. ఇప్పుడు వాటితో పడే బాధ మీకు నేను చెప్పనక్కర లేదు.

కాబట్టి పెంచలేనివారు, పెంచగలిగిన ఇంకొకరికి అప్పగించండి. కొన్న దుకాణానికి తిరిగి ఇచ్చి చూడండి. లేదా అటవీ శాఖ కార్యాలయంలో అడిగి వారు చెప్పినట్లు చేయండి. పెంచేవారు పెరట్లో చిన్న సిమెంటు హౌజు కట్టి, నడుమ ఎక్కే గట్టు పెట్టి, పారిపోకుండా చుట్టూ గోడ లేపండి. హౌజు నీరు కాలువలోకి పోకుండా చూడండి.

చెప్పిన మాటలు మళ్లీ ఒకసారి జ్ఞాపకం చేస్తాను. మెత్తటి అంచు చిప్ప తాబేలు గాని, మూడు గట్ల నల్ల తాబేలు గాని అయితే ఆ పొద్దే దగ్గరి చెరువు అంచుకు చేర్చండి. చుక్కల మెట్ట తాబేలును నీటిలో వేయకండి, అటవీ శాఖ వారికి అప్పగించండి. కంటి వెనుక ఎర్ర పట్టీ ఉంటే ఇంట్లోనే ఎండ, నీరు, మేత సరిగ్గా చూసి బతికించండి, చెరువు దరికి పోనివ్వకండి. ఏది ముట్టినా చేతులు కడుక్కోండి.

గుర్తుపట్టడం కష్టమైతే పక్క నుంచి, పై నుంచి ఒక ఫోటో తీసి మీ విస్తరణ అధికారికి గాని, బడి పంతులుగారికి గాని, అటవీ సిబ్బందికి గాని చూపండి. చూపిన తర్వాతే వదలడమో, ఉంచుకోవడమో తేల్చండి.